గోడ మీది మాటకు ముందున్న ప్రశ్న

మా బావ పోయిన కబురు నాకు పసుపు ఉడకబెట్టే కడాయి దగ్గర అందింది. పచ్చికొమ్ములు సగం ఉడికాయి. మీద కప్పిన గోనెసంచుల సందుల్లోంచి ఆవిరి లేస్తోంది. మా వాడ మంగలాయన గట్టు మీదే ఆగి, "అవ్వా, మీ బావ పానం ఇడిసిండు" అన్నాడు. ఎప్పుడన్నాను. "గిప్పుడే. గంజి తాగిండట, మంచం మీద ఒరిగిండట, గంతే" అన్నాడు. నా చేతిలో కట్టె ఉంది. దాన్ని పొయ్యిలోకి తోశాను. సగం ఉడుకు మీద పసుపును వదిలేస్తే ఏడాది కష్టం పాడవుతుంది. అది పూర్తిగా ఉడికి, కడాయి దింపించాకే ఊళ్లోకి నడిచాను. ఆ సంగతి పట్టుకుని ఇప్పటికీ నన్ను అనేవాళ్లున్నారు. అననీ. ఇంకో ఇరవయ్యేళ్లు అన్నా వినడానికి నేను ఉండను.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మా ఊరి బడి పంతులు రాస్తున్నాడు. నా మాటలను పుస్తకం భాషలోకి మార్చుకోమన్నాను, చదివేవాళ్లకు సులువుగా ఉంటుందని. కానీ ఎవరు ఎవరితో ఏ మాటన్నా, అది నోట్లోంచి ఎలా వచ్చిందో అలాగే పెట్టాలన్నాను. ఎందుకంటే ఇక్కడ తగువంతా ఒక మాట గురించి.

మా ఊళ్లో పంచాయతీకి కొత్త ఆఫీసు కట్టారు. అంగడి దారికి ఎదురుగా దాని గోడ. మా బావ పదకొండో దినం నాడు, తిన్న చేతులు కడుక్కుంటున్న జనం ముందు సర్పంచ్ లేచి, ఊరికి ఇన్ని కథలు చెప్పిన మనిషి మాట ఒకటి ఆ గోడ మీద రాయిస్తామన్నాడు. అందరూ సంతోషించారు. ఏ మాట అని అడిగితే, "ఊకున్నోడే బతికిండు" అన్నాడు. దాన్ని మంచి తెలుగులో 'మౌనంగా ఉన్నవాడే మనగలడు' అని పెద్ద అక్షరాలతో రాస్తారట, కింద మా బావ పేరు రాస్తారట.

ఆ మాట మా బావ అనలేదని నేను అనను. అన్నాడు. నాతోనే అన్నాడు. నేనడిగిన దానికి జవాబుగా అన్నాడు. నేనడిగింది తీసేసి ఆయన చెప్పింది ఒక్కటే గోడకెక్కిస్తే అది తలకిందులవుతుంది. ఈ ముక్కే సర్పంచ్‌తో చెప్పాను. "నోటితోని చెప్తే నేనేం చెయ్యనవ్వా, రాసియ్యి. పంచాయతీల పెట్టి చూస్తం" అన్నాడు. సరే, రాయిస్తున్నాను. కరీంనగర్‌లో అచ్చయ్యే పేపర్‌కు కూడా ఒక కాపీ పంపుతానన్నాడు పంతులు. పంపనీ.

మాది ఒగ్గు కథ, అంటే డోలు మీద దేవుళ్ల కథ, చెప్పే ఇల్లు. మా అక్కను పెద్దాయనకిచ్చారు, నన్ను ఆయన తమ్ముడికిచ్చారు. అక్క మొగుడుగా బావే, పెనిమిటి అన్నగానూ బావే. గొంతు మాత్రం తమ్ముడిది. అందుకని కథ చెప్పేది నా పెనిమిటి, పక్కన తాళాలు పట్టుకుని వంత పలికేది మా బావ. చూడనివాళ్ల కోసం చెబుతాను. కథ చెప్పేవాడు ఒక మాట అని ఆగుతాడు. వంతవాడు 'ఆఁ' అనాలి, 'గట్లనా' అనాలి, 'మరి ఎన్క ఏమాయె' అని అడగాలి, నడుమ నడుమ నవ్వించాలి. కథలో ఏడుపులు చెప్పేవాడివి, నవ్వులు వంతవాడివి. వంతవాడు తనంతట తాను మాట మొదలుపెట్టడు. ముందొక మాట పడితేనే దాని మీద ఆయన మాట పడుతుంది. మా బావకు ఈ పని ఎంత ఒంటబట్టిందంటే, ఇంట్లోనూ అంతే. పలకరిస్తే పలుకుతాడు. పలకరించకపోతే వాకిట్లో రోలు ఎంతో ఆయనా అంతే.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది మా పనిలో. కథలో ఎవరు ఏ మాటన్నా అది చెప్పేవాడి పేరు మీదే పోతుంది. మెచ్చుకున్నా ఆయన్నే, తిట్టినా ఆయన్నే. వంతవాడి మాటను ఎవరూ వేరుగా లెక్కపెట్టరు.

నా పెళ్లయిన కొత్తలో ఒక ఊళ్లో కథ చెప్పి వచ్చారు. తల్లీకొడుకులు విడిపోయే ఘట్టం. నా పెనిమిటికి ఏడుపు ఆగదు ఆ చోట. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ అన్నను అడిగాడు, "అన్నా, గింత మంచిగ చెప్పిన, ఒక్కలన్న కండ్లల్ల నీళ్లు పెట్టలేదేందే?"

"ఏడ్సుడంత నువ్వే ఏడిస్తివి. ఆళ్లకేం మిగిల్చినవ్?" అన్నాడు మా బావ.

నేను పకపకా నవ్వాను. నా పెనిమిటికి కోపమొచ్చి ఆ పూట తినలేదు. కానీ ఆ తరువాత ఆ ఘట్టంలో కంటతడి పెట్టలేదు, గొంతు కొంచెం దించి చెప్పి ఆగేవాడు. అప్పుడు చూడాలి జనాన్ని. కొంగులు మొత్తం తడిసేవి. కథ చెప్పడం ఎలాగో పదిమంది దగ్గర నేర్చుకుని వచ్చినవాళ్లను తరువాత చూశాను. వాళ్లలో ఎవరికీ ఈ ఒక్క మాట చెప్పినవాళ్లు లేరు.

ఇక ఆ సంగతి చెప్పాలి. రజాకార్ల కాలం. ఇంటింటికీ వచ్చి సర్కారుకు కట్టాల్సిన లెవీ ధాన్యం కొలుచుకుపోతున్నారు. గింజలు దాచినవాళ్లను కొడుతున్నారు. అలాంటి రోజుల్లో కూడా గొర్లు కాసే ఒక కురుమ ఇంట్లో మొక్కు ఉండి కథ పెట్టించారు. పొద్దు నడినెత్తిన ఉంది, పందిరి కింద ఊరు సగం కూర్చుంది. నేను ఆడవాళ్లలో ఉన్నాను. దేవుడు అడవి కొట్టి చేను చేసి పంట తీసే చోటు వచ్చింది. నా పెనిమిటి, పుట్ల కొద్దీ పండిందని, కల్లంలో రాశి కొండలా ఉందని చెప్పి ఆగాడు.

"గట్లనా. మరి దేవుడు గూడ లెవీ కట్టిండా?" అన్నాడు మా బావ.

జనం ఒక్క క్షణం ఊపిరి బిగబట్టారు. తరువాత నవ్వారు. ఎన్ని నెలలకో అంత గట్టిగా నవ్వడం. ఆడవాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వారు. నేనూ నవ్వాను. నా పెనిమిటి కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ నవ్వు దొర ఉండే గడీ దాకా వినిపించింది. మరునాడు గడీ మనుషులు, వాళ్ల వెంట తుపాకులవాళ్లు వచ్చారు. అన్నదమ్ములిద్దరూ వాకిట్లో డోలుకు తోలు బిగిస్తున్నారు. "దేవుడు లెవీ కట్టిండా అన్నదెవడు?" అని అడిగారు. నా పెనిమిటి లేచి, "కథ నాది. కథల మాటలన్ని నాయే" అన్నాడు. మా పనిలో ఉన్న కట్టుబాటే చెప్పాడు, కొత్తగా ఏమీ చెప్పలేదు. "నిజమేనా?" అని మా బావను అడిగారు. మా బావ తోలు పట్టుకునే ఉన్నాడు. ఏమీ అనలేదు. ఇంకోసారి అడిగారు. అప్పుడూ అనలేదు.

నా పెనిమిటిని తీసుకుపోయారు. వదిలిపెట్టాక నడిచే వచ్చాడు ఇంటికి. కానీ ఏదో లోపల తెగిపోయింది. డోలు ఎత్తలేకపోయాడు. దగ్గితే నెత్తురు. వానలు పడకముందే పోయాడు. అన్నను ఒక్క మాట అనలేదు. నన్ను అననీయలేదు.

తరువాత మిలిటరీ వచ్చింది, గడీ తలుపులు మూతపడ్డాయి, ఊళ్లో జెండాలు కట్టారు. జనం మా వాకిటికొచ్చి, ఇక భయం లేదు, కథ పెట్టండి అన్నారు. ఎవరు పెడతారు? వాళ్లు వెళ్లిపోయాక నేను మా బావ ముందు నిలబడ్డాను. అక్క లోపల జొన్నలు విసురుతోంది. ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకున్నది అడిగాను.

"కథల మాటలన్ని ఆయనవే అంటిరి గద మీరు. గా మాట ఎవలిది బావా?"

"నాది."

"మరి ఆయన సచ్చిండు. నువ్వెట్ల బతికినవ్?"

"ఊకున్న" అన్నాడు. "ఊకున్నోడే బతికిండు మరదలా."

లోపల విసుర్రాయి ఆగిపోయింది. అక్క వింది. కానీ బయటికి రాలేదు.

ఇదీ ఆ మాట. ఇదీ దాని పుట్టుక. ఇది ఎవరికీ బతకడం నేర్పే మాట కాదు. మనిషి తన మీద తాను ఉమ్మేసుకున్నప్పుడు నోట్లోంచి వచ్చిన మాట. ఊరికి ఎలా పాకిందో నాకు తెలియదు. పక్కింటివాళ్లు విని ఉంటారు. విన్నవాళ్లు చివరి ముక్క పట్టుకుపోయారు. పట్టుకుపోయినవాళ్లకు అది పనికొచ్చింది. కోడలు ఎదురు మాట్లాడితే అత్త అదే అంది. కూలి తక్కువైందని జీతగాడు గొణిగితే ఆసామి అదే అన్నాడు. పెద్దాయన చెప్పిండు గద, ఊకున్నోడే బతికిండని. మొన్న మొన్న కౌలు భూముల గురించి రైతులు పదిమంది పంచాయతీకి పోతే అక్కడా అదే అన్నారట. ఇప్పుడు గోడ మీద రాస్తే ప్రతిసారీ నోటితో చెప్పే శ్రమ కూడా ఉండదు.

ఆ రోజు తరువాత మా బావ మాట్లాడడం మానేశాడు. తాళాలు చూరులో పెట్టాడు. పొద్దున లేచి ముందు నా చేను దున్నేవాడు, తరువాత తన చేను. నా పిల్లలకు తిండి చూశాడు, పెళ్లిళ్లు చూశాడు. అవేవీ నేను మరచిపోను. కానీ మాట లేదు. వంతవాడు కదా, ముందు మాట అనేవాడు పోయాడు. ఏ మాట మీద పలుకుతాడు?

ఒకనాడు అక్క నా దగ్గరకు వచ్చింది. కళ్లు గుంటలు పడి ఉన్నాయి. "చెల్లె, నాతోని మాట్లాడుతలేడే. పోరగాండ్లతోని మాట్లాడుతలేడు. నువ్వడిగితెనన్న చెప్తడేమో. ఏదన్న అడుగు" అంది.

"నేనా? నేనెందుకడగాలె?" అన్నాను.

"నువ్వు అడిగినందుకే ఊకున్నడు గద" అంది.

అది నిజమే. కోపంగానే వెళ్లాను. ఆయన కొట్టం దగ్గర గడ్డి వేస్తున్నాడు. ఏమడగాలో తోచలేదు. కనబడింది అడిగాను. "బావా, గీ బర్రె పాలెందుకియ్యదు?"

గడ్డి వేస్తూనే, "దాన్నడిగి వచ్చినవా, నన్నే ముందుగాల అడుగుతున్నవా?" అన్నాడు.

నాకు నవ్వు రాకూడదు. వచ్చింది. అటు తిరిగి నవ్వుకుని, ఇటు తిరిగి మొహం గట్టిగా పెట్టుకున్నాను. ఆ రోజు నాకు ఒకటి తెలిసింది. ఈ మనిషిని ఊరుకోనివ్వకూడదు. ఊరుకుని బతికాను అన్నాడు కదా, ఇక ఊరుకునే బతుకు ఈయనకు నేను దక్కనివ్వను. అది శిక్షో దయో నన్నడగొద్దు. పంతులు ఇక్కడ కలం ఆపి, "మాఫీ చేసినవా అవ్వా?" అని అడుగుతున్నాడు. మాఫీ పెద్దవాళ్ల మాట. నేను అడిగాను, ఆయన చెప్పాడు. ఇన్నేళ్లు జరిగింది అదే.

ఈ ఊరు చెప్పుకునే ఆయన మాటలన్నీ అలా వచ్చినవే. నేను వాటిని ప్రశ్నతో కలిపే చెబుతాను.

మొదటి ఓట్లప్పుడు బడి లోపల ఒక్కొక్క గుర్తుకు ఒక్కొక్క పెట్టె పెట్టి, ముందు పరదా కట్టారు. కాగితం తీసుకుని లోపలికి పోయి ఇష్టమైన పెట్టెలో వేసి రావాలి. మా బావ లోపలికి పోయి ఎంతకూ రాడు. జవాను పిలవాల్సి వచ్చింది. దారిలో అడిగాను, "ఎవలికేసినవ్ బావా?"

"చెప్పొద్దనే పరదా కట్టిండ్రు. గింత ఇజ్జత్ మనకు ఇన్నేండ్లల్ల ఎవలన్న ఇచ్చిండ్రా? జరసేపు ఉంచుకోనియ్యి" అన్నాడు.

చచ్చేదాకా చెప్పలేదు. నేనెవరికి వేశానో కూడా అడగలేదు. అడగనందుకు నాకు కొంచెం కష్టమైంది, చెబుదామని ఉండింది నాకు.

అదే ఏడు గడీ దొర పట్నం నుంచి తిరిగొచ్చాడు. తెల్ల టోపీ పెట్టుకుని, జీపులో నిలబడి అందరికీ దండాలు పెడుతున్నాడు. నా ఒళ్లు మండిపోయింది. "బావా, గీయన మారిండంటవా?"

"టోపీ మారింది. తల మార్చెటందుకు దర్జీ దొరికినట్టు లేదు."

నేనీ మాటను అంగట్లో నలుగురి ముందు గట్టిగా మళ్లీ అన్నాను. ఎవరన్నారని ఒకడు కళ్లెర్ర చేస్తే మా బావ కూరగాయల గంప దించి, "నేనే అన్న. నా మాటే" అన్నాడు. వాడు ఏమీ చేయలేక పోయాడు. పెద్ద సాహసమేమీ కాదు, కాలం మారింది. కానీ గంప మళ్లీ ఎత్తుకోబోతే ఒక్కసారికి తలకెక్కలేదు. గంప కింద నేనో చెయ్యి వేశాను.

ఇద్దరు అన్నదమ్ములు గట్టు కోసం కొట్టుకుని పంచాయితీకి వచ్చారు. మా బావను పెద్దమనిషిగా కూర్చోబెట్టారు. పొద్దంతా విన్నాడు, తీర్పు చెప్పలేదు. ఇంటికొచ్చాక తప్పెవరిదని అడిగాను. "ఇద్దరు నిజమే చెప్పిండ్రు. సగం సగం చెప్పిండ్రు. రెండు సగాలు ఒక్కనాడు ఇననీకె ఇద్దరికి ఓపిక లేదు" అన్నాడు. మరి అక్కడే అనకపోతివా అంటే, "అడుగలే" అన్నాడు. ఇలాంటి చోట్ల నాకు విసుగు పుట్టేది. మనిషిలో ఇంత ఉంచుకుని, ఎవరో వచ్చి తోడాలని కూర్చుంటే ఎలా?

కొన్నేళ్లకు వేరే ఊరి మేళం మైకు పెట్టుకుని వచ్చింది. మా బావను ముందు వరుసలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. మైకు ఊరవతల వాగు దాకా వినిపించింది. కథ అయ్యాక వాళ్లే వచ్చి, ఎట్లున్నదని అడిగారు. "మైకు మంచిగ చెప్పింది. మీరు చెప్పేది ఇంకోపారి వచ్చి ఇంట" అన్నాడు. వాళ్లు మెచ్చుకున్నాడనుకుని కాళ్లకు మొక్కారు. అక్క తల కొట్టుకుంది. నేనైతే పైట నోట్లో కుక్కుకున్నాను.

ఆఖరి రెండేళ్లు కళ్లు మసకబారాయి. వాకిట్లో మంచం. నేను చేను నుంచి వచ్చి కాసేపు కూర్చునేదాన్ని. నాకూ ఒంట్లో ఓపిక లేదు. అడగడానికి కూడా ఓపిక లేని రోజులుండేవి. అలాంటి రోజు ఊరికే అన్నాను, "ఎట్లున్నది బావా పానం?"

"కథ ఒడిసింది మరదలా. జనం లేస్తలేరు. ఒక్కొక్కల్ని లేపి ఇంటికి తోలుడే మిగిలింది" అన్నాడు.

ఎవర్ని తోలాలి అని అడగలేదు. అడగాల్సింది కాదు కూడా. తోలాల్సినవాళ్లలో మొదటివాడు ఆయన తమ్ముడేనని ఇద్దరికీ తెలుసు.

సర్పంచ్ గోడ మాట చెప్పిన రోజు సాయంత్రం నేను అక్క దగ్గరికి వెళ్లాను. ఆమె పీట మీద కూర్చుని ఉంది. నేనేం చెప్పబోతున్నానో ఆమెకు ముందే తెలుసు.

"ఆయన పోయిండు. ఇప్పుడు గా సంగతి తీసి ఏం చేస్తవ్? ఒక్క మాటన్న గోడ మీద ఉండనియ్యి చెల్లె. అంగడికి వచ్చెటోళ్లు, పోయెటోళ్లు సదువుకుంటరు."

"ఏమని సదువుతరక్కా? ఊకుండుమని చెప్పిండని సదువుతరు."

"ఏమన్న సదవనీ. పేరుంటది గద."

"పేరుంటది. అండ్ల మనిషుండడు."

అక్కకు కోపం వస్తే గొంతు పెంచదు, తగ్గిస్తుంది. "నీ మొగని పేరు నిలవెట్టెటందుకు నా మొగని పేరు తీస్తవా?" అంది.

నేను ఎవరికైనా జవాబు చెప్పగలను, తహసీల్దారుకు చెప్పాను, పోలీసుకు చెప్పాను. మా అక్కకు చెప్పలేకపోయాను. లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చాక ఆలోచించాను. నా పెనిమిటి పేరు ఎవరికీ పట్టదు, దాన్ని నిలబెట్టి నాకు వచ్చేదేమీ లేదు. పోయినవాళ్లకు గోడలతో పని లేదు. కానీ ఈ ఊరు ఇప్పుడు ఇంకా బతుకుతోంది. రేపు ఎవరినైనా ఎవరైనా వాకిట్లోంచి లాక్కుపోతుంటే, పక్కనున్నవాడు ఆ గోడ తలుచుకుని తోలు పట్టుకుని కూర్చుంటాడు. పెద్దాయనే చెప్పాడు కదా అంటాడు. మా బావ తన బతుకంతా ఏ పనిని చూసి సిగ్గుపడ్డాడో ఆ పనినే ఆయన పేరు పెట్టి ఊరికి నేర్పుతారు. ఇది నేను చూస్తూ ఊరుకోలేను. ఒప్పుకున్న మనిషిని చిన్నచూపు చూస్తారని అక్క భయం. చూసేవాళ్లు చూడనీ. "గా మాట నాది" అని నోరు తెరిచి నాకు చెప్పాడు ఆయన. అలా చెప్పినవాళ్లను ఈ ఊళ్లో నేను ఇంకొకర్ని చూడలేదు. గడీ నుంచి ఎవరూ వచ్చి చెప్పలేదు. నా మనసులో ఆయన ఎత్తు అది.

మరునాడు పంచాయతీ ఆఫీసుకు పోయాను. గోడకు సున్నం వేసి ఆరబెట్టారు. జగిత్యాల నుంచి వచ్చిన పెయింటర్ బొగ్గుతో అక్షరాల గీతలు గీసి, రంగు కలుపుకుంటున్నాడు. నేను పోయి ఆ గీతలకు వీపు ఆనించి కూర్చున్నాను. పెయింటర్ నన్ను చూశాడు, సర్పంచ్‌ను చూశాడు, డబ్బా మూత పెట్టి బీడీ ముట్టించుకున్నాడు.

సర్పంచ్ గడీ దొరకు మేనల్లుడు. ఆ రోజుల్లో చిన్నపిల్లవాడు, అతనికేం తెలుసు. నాతో మర్యాదగానే మాట్లాడతాడు. "లేవవ్వా, ఎండ కొడుతుంది" అన్నాడు.

"కొట్టనీ సర్పంచ్ సాబ్. రాస్తే రెండు రాయిండ్రి. నేనేమడిగిన్నో అది పైన, ఆయనేం చెప్పిండో అది కింద."

"ఏమడిగినవేంది?"

చెప్పాను. నా పెనిమిటి ఎందుకు చచ్చాడు, ఈయన ఎలా బతికాడు, తీసుకుపోయినవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు, అంతా ఆ ఎండలో, అంగడి దారిన పోయేవాళ్లు ఆగి వింటుండగా చెప్పాను. సర్పంచ్ మొహం మారింది. అప్పుడే అన్నాడు, నోటితో కాదు రాసివ్వమని. రాసిచ్చేదాకా గోడ ముట్టొద్దన్నాను. "ముట్టం" అన్నాడు. లోపలికి పోయాడు.

నేను లేవలేదు. ముట్టమన్నవాళ్లు ఎన్నిసార్లు ముట్టారో నాకు తెలుసు. పొద్దు వాలుతుండగా మా అక్క వచ్చింది. దినాలకు మా పుట్టింటివాళ్లు పెట్టిన తెల్లచీర కట్టుకుంది. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. నా ముందు నిలబడి, "పొద్దటిసంది ఏమన్న తిన్నవా?" అంది. లేదన్నాను. కొంగులో మూట కట్టుకొచ్చిన రొట్టె తీసి నా చేతిలో పెట్టింది. తరువాత మోకాళ్లు పట్టుకుని మెల్లగా కిందికి దిగి, నా పక్కనే గోడకు వీపు ఆనించి కూర్చుంది.

"ఆయననే అడిగితే బాగుండె. గోడ మీద ఏం రాయాలె అని" అంది.

"నువ్వన్న అడగకపోతివా?"

"నాకు చెప్తుండెనా?" అంది.

నేను రొట్టె నములుతూ ఉన్నాను. అక్క సరేనని అనలేదు. వద్దని అనలేదు. లేచిపొమ్మని మాత్రం అనలేదు. ఆఫీసు తలుపులు వేసి, పెయింటర్ డబ్బాలు సర్దుకుని, అందరూ పోయారు. మేమిద్దరం కూర్చుని ఉన్నాం.

ఇంటికి పోయేటప్పుడు దారి సన్నం కనుక అక్క ముందు నడిచింది, నేను వెనక. అంగడి నుంచి వచ్చేవాళ్లు ఆమెను దాటిపోయాక తిరిగి ఆమె వీపు వైపు చూస్తున్నారు. నేనూ చూశాను. ఆ తెల్లచీర మీద, భుజం నుంచి నడుము దాకా, గోడ మీది బొగ్గు గీతలు సగం సగం అంటి ఉన్నాయి. అవి ఏ అక్షరాలో నాకు తెలియదు. ఆమెకూ తెలియదు.